కొండదారికి సైకిలెక్కే ముందు

ప్రశ్న: మాది కర్నూలు. మా వారి వయసు 48. ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం. ఆరేళ్ళుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఆఫీసు స్నేహితులు, మా పేటలోని కుర్రవాళ్ళు కలిసి 12 మంది ఉగాదికి ముందు సైకిళ్ళ మీద శ్రీశైలం వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నారు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోవడం, అదే దారిన తిరిగి రావడం, మొత్తం 5 రోజులు. చందాలు పోగుచేసి ఆ డబ్బును డయాలిసిస్ కోసం పల్లెల నుంచి వారానికి రెండు మూడుసార్లు కర్నూలు వచ్చే పేదరోగుల బస్సు ఛార్జీలకూ, భోజనాలకూ ఇస్తారట. ఇప్పటికే చాలామంది డబ్బు ఇచ్చేశారు. మంచి పనే, కాదనను. కాని ఈయన సైకిలు తొక్కి ఇరవై ఏళ్ళు దాటింది. అడిగితే, "కాలేజీకి రోజూ సైకిలు మీద పోయినోణ్ణి, నాకేమైతాదిలే" అంటారు. ఏం తినాలో, ఏం తాగాలో, మోకాళ్ళకు ఏం పూసుకోవాలో దయచేసి తెలుపగలరు. ఇంకొక సంగతి. ఈమధ్య మిద్దె మెట్లెక్కితే రొమ్ము మధ్యన పట్టేసినట్టు ఉంటుందంటారు. రెండు నిముషాలు నిలబడితే పోతుంది. గ్యాస్ అని సోడా తాగుతారు. నేను చెబితే వినరు, మీరు రాస్తే వింటారు.
— ఒక సోదరి, కర్నూలు

జవాబు: అమ్మా, తిండి గురించి, నీళ్ళ గురించి, మోకాళ్ళ గురించి మీరు అడిగినవన్నీ చెబుతాను. కాని మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు చివర్లో, "ఇంకొక సంగతి" అని రాశారు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ భాగాన్ని మీ వారికి చదివి వినిపించండి.

అది గ్యాస్ కాకపోవచ్చు

మెట్లెక్కితే రావడం, నిలబడితే పోవడం. ఈ రెండు మాటలు వినగానే ఏ డాక్టరైనా కడుపు సంగతి పక్కన పెట్టి గుండె గురించి ఆలోచిస్తాడు. గ్యాస్‌కు మెట్లు తెలియవు. తిన్న తర్వాత కూర్చున్నా వస్తుంది, పడుకున్నా వస్తుంది. శ్రమ పడితే వచ్చి, విశ్రాంతి తీసుకుంటే కొద్ది నిముషాల్లో తగ్గే బిగింపు చాలాసార్లు గుండెకు రక్తం చాలకపోవడం వల్ల వస్తుంది. దీన్ని వైద్యులు ఆంజైనా అంటారు.

మన కర్నూలు – కడప కాలువను తలచుకోండి. కాలువలో పూడిక పడినా, పొలాలకు నీటి అవసరం లేని రోజుల్లో ఏ ఇబ్బందీ కనిపించదు. నాట్లు మొదలై అందరికీ ఒక్కసారిగా నీళ్ళు కావలసి వచ్చినప్పుడే చివరి పొలాలు ఎండుతాయి. గుండెకు రక్తం తీసుకువెళ్ళే నాళాల్లో కొవ్వు పేరుకున్నా అంతే. కుర్చీలో కూర్చున్నంతసేపు సరిపోతుంది. మెట్లెక్కినప్పుడు సరిపోదు. మరి ఘాటురోడ్డు మీద గంటల తరబడి సైకిలు తొక్కితే?

సోడా తాగితే తగ్గుతోంది కదా అని మీ వారు అంటారు. సోడా తెప్పించుకుని, మూత తీసి, తాగేలోపల ఆయన నిలబడే ఉంటారు. తగ్గించింది ఆ నిలబడటం. పేరు సోడాకు వచ్చింది.

షుగరు ఉన్నవారి విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. నరాలు మొద్దుబారడం వల్ల కొందరికి గుండెజబ్బు ఉన్నా నొప్పి సరిగా తెలియదు. ఆయాసం, చెమట, అకారణమైన నీరసం మాత్రమే కనిపిస్తాయి. మీ వారికి పట్టేసినట్టు తెలియడం ఒక విధంగా అదృష్టమే. శరీరం ముందుగా ఉత్తరం రాసింది. చదవకుండా చింపివేయకూడదు.

కాబట్టి ఈ వారంలోనే ఆయన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. డాక్టరు ముందు ఇ.సి.జి. తీస్తారు. అది మామూలుగా ఉన్నంత మాత్రాన బయటపడ్డామనుకోవద్దు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసే ఇ.సి.జి.లో ఇలాంటి జబ్బు చాలాసార్లు కనిపించదు. అవసరాన్ని బట్టి ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, కొందరికి ఆంజియోగ్రాం చేస్తారు. రక్తపోటు, మూడు నెలల షుగరు సగటు, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పనితీరు కూడా చూపించండి. ఇవన్నీ ముగిసి, డాక్టరు సరే అనేవరకు ఆయన సాధన కోసమైనా సైకిలెక్కకూడదు.

ఒక హెచ్చరిక. ఈ బిగింపు మునుపటికన్నా తరచుగా వస్తున్నా, తక్కువ శ్రమకే వస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చినా వారం దాకా ఆగవద్దు. అదే రోజు వెళ్ళాలి. 10 నిముషాలు దాటినా తగ్గకపోతే, ఎడమచేతికో, దవడకో పాకితే, చెమటలు పోస్తే వెంటనే 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారికీ, కడుపులో పుండు లేక రక్తస్రావం ఉన్నవారికీ తప్ప, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర ఒకటి నమిలి మింగించవచ్చు. ఆయన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోవద్దు.

పరీక్షలో ఏమీ లేదని తేలితే సంతోషం. ఒకవేళ నాళంలో అడ్డు ఉందని తేలినా జీవితం ముగిసినట్టు కాదు. మందులతోనో, స్టెంటుతోనో, ఆపరేషనుతోనో చికిత్స చేయించుకుని, డాక్టరు పర్యవేక్షణలో మళ్ళీ సైకిలు తొక్కుతున్నవారు ఎందరో ఉన్నారు. ముందు తెలుసుకోవాలి, అంతే.

ఇక మిగిలిన 11 మంది కోసం

ఈ యాత్రకు బయలుదేరే ప్రతి ఒక్కరికీ పనికివచ్చే సంగతులు ఇప్పుడు చెబుతాను. 40 దాటినవారు, షుగరు, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారు, తండ్రికో అన్నకో 55 ఏళ్ళలోపల గుండెపోటు వచ్చినవారు, వీరంతా ఏ బాధా లేకపోయినా ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

స్పెయిన్, ఫ్రాన్సు దేశాల కొండల మీద అయిదారు రోజులు సైకిలు తొక్కి ధర్మకార్యాలకు చందాలు పోగుచేయడం ఐరోపాలో మామూలు విషయం. స్పెయిన్‌లోని ఆంగ్లిరు అనే కొండదారి పొడవు 12.5 కిలోమీటర్లే. కాని కొన్నిచోట్ల అది 100 అడుగులు ముందుకు పోతే 23 అడుగులు పైకి లేస్తుంది. సియెర్రా నెవాడాలో సుమారు 3,300 మీటర్ల ఎత్తుదాకా రోడ్డు ఉంది. 2,500 మీటర్లు దాటితే గాలి పలచబడి తలనొప్పి, వాంతులు రావచ్చు. మన శ్రీశైలానికి ఆ బాధ లేదు. అది సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తయినా లేదు. ఇక్కడ మీ శత్రువులు వేరు. ఒకటి ఎండ, రెండు సాధన లేని కాళ్ళు, మూడు రోషం.

ఎండ సంగతి

ఉగాదికి ముందు కన్నడదేశం నుంచి వేలాది భక్తులు నల్లమల గుండా నడిచి శ్రీశైలం వెళతారు. మీవాళ్ళకు ఆ ముచ్చటే కలిగినట్టుంది. కాని మార్చి నెలాఖరుకే కర్నూలులో ఎండ 40 డిగ్రీలకు దగ్గరవుతుంది. యాత్రను జనవరి రెండవ పక్షానికి, అంటే సంక్రాంతి తర్వాతికి మార్చుకోమనండి. ఇప్పటి నుంచి లెక్కేస్తే 12 వారాల సాధనకూ సమయం దొరుకుతుంది. శివరాత్రి రోజుల్లో మాత్రం వద్దు. ఆ వాహనాల రద్దీలో ఘాటు మీద సైకిలుకు చోటుండదు.

చలికాలమైనా నల్లమలలో మధ్యాహ్నపు ఎండ ఎండే. తెల్లవారి వెలుగు రాగానే బయలుదేరి 11 గంటలకల్లా రోజు దూరంలో ఎక్కువ భాగం ముగించుకోవాలి. మొదటిసారి ఎండలో శ్రమించే శరీరం దానికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రోజంతా ఏ.సి. గదిలో ఉండేవారు సాధనలో కొన్ని రోజులైనా కాస్త ఎండలో తొక్కాలి.

వడదెబ్బ గుర్తులు అందరికీ తెలిసి ఉండాలి. తల తిరగడం, ఒళ్ళు కాలిపోవడం, పొంతన లేని మాటలు, తూలడం, స్పృహ తప్పడం. వడదెబ్బలో ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా, అంతకు మించి కూడా పోవచ్చు. చెమట పోస్తున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా నీళ్ళు గుమ్మరించి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. ముందు చల్లబరచడం, తర్వాత ఆసుపత్రికి ప్రయాణం.

12 వారాల సాధన

రానుపోను సుమారు 350 కిలోమీటర్లు. ఈ దూరాన్ని దేవుడి మీద భారం వేసి తొక్కలేము. ముందుగా కాళ్ళు సంపాదించుకోవాలి.

మొదటి 4 వారాలు: వారానికి 3, 4 రోజులు, చదునైన దారిలో 45 నిముషాల నుంచి గంటసేపు. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట తెగిపోతూ ఉంటే వేగం ఎక్కువైందని గుర్తు.

తర్వాతి 4 వారాలు: ఆదివారం నాడు దూరం పెంచండి. ఓర్వకల్లు రాతివనాల దాకా పోయి వస్తే మంచి సాధన. కర్నూలు ఊరు చదునుగా ఉంటుంది కాబట్టి ఎత్తు అలవాటు కావడానికి వారానికి ఒకసారి జగన్నాథగట్టు ఎక్కండి. మొదట ఒకసారి, తర్వాత రెండు మూడుసార్లు. వారం వారం మొత్తం దూరాన్ని పదోవంతు మించి పెంచవద్దు.

9 నుంచి 11వ వారం దాకా: వరుసగా రెండు రోజులు తొక్కండి. శనివారం 50 కిలోమీటర్లు, ఆదివారం 50 కిలోమీటర్లు. ఒకరోజు తొక్కడం వేరు, అలసిన కాళ్ళతో మర్నాడు పొద్దున లేచి మళ్ళీ సైకిలెక్కడం వేరు. పలురోజుల యాత్రలో అసలు పరీక్ష రెండవ రోజు ఉదయమే.

12వ వారం: తగ్గించండి. కాస్త కాస్త తొక్కి, బాగా నిద్రపోండి. ఆఖరి వారంలో చేసే తపస్సు వల్ల బలం రాదు, అలసట వస్తుంది.

యాత్ర రోజుల లెక్క కూడా సవరించుకోవాలి. మొదటిరోజు కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు, సుమారు 70 కిలోమీటర్లు. రెండవరోజు అడవిలో దోర్నాల, సుమారు 55. మూడవరోజు ఘాటెక్కి శ్రీశైలం, సుమారు 50. ఇంతవరకు బాగుంది. కాని 5 రోజుల్లో ముగియాలంటే నాలుగవరోజు శ్రీశైలం నుంచి ఆత్మకూరు దాకా నూరు కిలోమీటర్ల పైన, అదీ అలసిన కాళ్ళతో, తొక్కాలి. ప్రమాదాలు జరిగేది అలాంటి రోజునే. మధ్యలో దోర్నాలలో ఆగి, యాత్రను 6 రోజులు చేయండి. మీకు వీలైతే శ్రీశైలంలో ఒక పూట విశ్రాంతి తీసుకోండి.

ఇది పులుల అభయారణ్యం. రాత్రివేళ ఈ అడవిదారులను వాహనాలకు మూసివేస్తారు. కాబట్టి అటవీశాఖ వారిని ముందుగా సంప్రదించి అనుమతి తీసుకోండి. పగటిపూటే, గుంపుగానే వెళ్ళండి. అడవిలో చాలాచోట్ల ఫోను పనిచేయదు. మందుల పెట్టె, నీళ్ళు, అలసినవారిని కూర్చోబెట్టుకునే చోటు ఉన్న ఒక వ్యాను వెంట తప్పనిసరి.

సైకిలు, మోకాళ్ళు

మోకాళ్ళకు ఏం పూసుకోవాలని అడిగారు. పూతకన్నా సీటు ఎత్తు సరిచేసుకోవడం మేలు. సీటు మీద కూర్చుని మడమను కిందనున్న పెడలు మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాలి ముందువైపు నొప్పి వస్తుంటే సాధారణంగా సీటు తక్కువగా ఉందని, వెనకవైపు వస్తుంటే ఎక్కువ ఎత్తుగా ఉందని అనుకోవచ్చు.

ఘాటుకు గేర్లున్న సైకిలే మంచిది. ఎత్తు రాగానే తేలికైన గేరు వేసుకుని పెడళ్ళను చకచకా తిప్పాలి. బరువైన గేరులో ఒళ్ళంతా ఊపుతూ తొక్కితే మోకాళ్ళు పాడవుతాయి. ఊపిరి అందకపోతే దిగి నడిపించండి. అందులో అవమానమేమీ లేదు.

దిగడం ఎక్కడంకన్నా ప్రమాదకరం. రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ, మలుపు రాకముందే వేగం తగ్గించాలి. తలకు హెల్మెట్ లేనిదే ఎవరినీ బయలుదేరనీయవద్దు.

తిండి, నీళ్ళు

బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇడ్లీలో, ఉగ్గాణో తినవచ్చు. ఉగ్గాణి తోటి మిరపకాయ బజ్జీలు మాత్రం తిరిగి వచ్చాక. గంట దాటి తొక్కేటప్పుడు ప్రతి గంటకూ 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం శరీరానికి అందాలి. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములుంటుంది. అరటిపండ్లు, ఖర్జూరాలు, బెల్లంతో చేసిన శెనక్కాయ పట్టీలు జేబులో ఉంచుకోండి. ఆకలయ్యాక కాదు, ఆకలి కాకముందే కొంచెం కొంచెం తినాలి. రాత్రికి సంగటి, అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు, ఏది అలవాటైతే అది కడుపునిండా తినండి. కొత్త వంటకాలు యాత్రలో మొదలుపెట్టవద్దు.

నీళ్ళు గంటకు అరలీటరు దాకా, ఎండను బట్టి కొంచెం ఎక్కువ. గడగడా ఒకేసారి కాక, గుక్క గుక్కగా తాగాలి. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీరు సరిపోయినట్టు. చెమట ఎక్కువగా పోసే రోజుల్లో ఓ.ఆర్.ఎస్. పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి తాగండి. పొట్లం లేకపోతే లీటరు మంచినీటిలో తలకొట్టిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు కూడా మంచివే. భయపడి లీటర్ల కొద్దీ వట్టి నీళ్ళు తాగడం కూడా తప్పే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ రావచ్చు.

షుగరు ఉన్నవారికి

శ్రమ వల్ల షుగరు తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికి అది ప్రమాదకరంగా పడిపోవచ్చు. యాత్ర రోజుల్లో మందుల మోతాదు ఎలా మార్చాలో డాక్టరును అడిగి రాయించుకోండి. సొంతంగా మార్చవద్దు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వాటివల్ల ఒంట్లో నీరు తగ్గే అవకాశం ఉంది. షుగరు చూసుకునే యంత్రం వెంట ఉండాలి. బయలుదేరే ముందు 100కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరండి. చేతులు వణికినా, చెమటపట్టినా, చూపు మసకబారినా వెంటనే దిగి మూడు నాలుగు చెంచాల చక్కెర లేక గ్లూకోజు తీసుకోండి. పగలు బాగానే ఉండి రాత్రి నిద్రలో షుగరు పడిపోవడం కూడా జరుగుతుంది. కాబట్టి పడుకునే ముందు ఒకసారి చూసుకోవాలి. రక్తపోటుకు మాత్రలు వాడేవారు కూడా ఎండలో శ్రమ విషయం డాక్టరుకు చెప్పాలి.

నొప్పి మాత్రలు, మూత్రపిండాలు

ఇది మీవాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. ఒళ్ళు నొప్పులని పొద్దుటే ఒకటి, సాయంత్రం ఒకటి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకుని సైకిలెక్కేవారున్నారు. నీరు చాలని శరీరంలో ఈ మాత్రలు మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి. దానికి తోడు సాధన లేని కండరాలు విపరీతమైన శ్రమకు చితికిపోతే, వాటి నుంచి వెలువడే పదార్థం మూత్రపిండాల్లో అడ్డుపడుతుంది. కండరాలు బిగిసి విపరీతంగా నొప్పి పెట్టడం, మూత్రం కోలా రంగులో రావడం దీని గుర్తులు. అప్పుడు క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి. డయాలిసిస్ రోగులకు బస్సు ఛార్జీలు పోగుచేయడానికి బయలుదేరినవారు తామే డయాలిసిస్ మంచం ఎక్కడం కన్నా విచారకరమైన సంగతి ఏముంటుంది? నొప్పికి విశ్రాంతి, చన్నీటి కాపడం. తప్పనిసరైతే మోతాదు మించకుండా పారాసిటమాల్.

రోషం

ఇక మూడవ శత్రువు. 1965లో ప్రపంచ విజేతగా నిలిచిన టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషు సైక్లిస్టు 1967 జులై 13న ఫ్రాన్సులోని మాంట్ వెంటూ కొండ ఎక్కుతూ చనిపోయాడు. వయసు 29. మండుటెండ. శరీరంలో ఉత్తేజమందు, మద్యం ఉన్నట్టు తర్వాత తేలింది. పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు లేపి మళ్ళీ సైకిలెక్కించారు. ఇంకాస్త దూరం పోయి మళ్ళీ పడ్డాడు. తిరిగి లేవలేదు. ఆ మందు అలసటను తీయలేదు, అలసట తెలియకుండా చేసింది.

మీవాళ్ళు అలాంటి మందులు వాడరు. నిజమే. కాని రోషం కూడా అదే పని చేస్తుంది. "చందా తీసుకున్నాం, ఇప్పుడెట్లా ఆగేది" అనే మాట కూడా అదే పని చేస్తుంది. ధర్మకార్యం కోసం తొక్కేవాడు సరదాకు తొక్కేవాడికన్నా ఆలస్యంగా ఆగుతాడు. అందుకే బయలుదేరే ముందే ఒక నియమం పెట్టుకోండి. ఎవరికి ఛాతీలో బిగింపు వచ్చినా, మాట తడబడినా, జ్వరం తగిలినా ఆ రోజుకు వ్యాను ఎక్కాలి. ఆ నిర్ణయం తొక్కేవాడిది కాదు, వ్యానులో ఉన్నవారిది. చందా పుస్తకం మీద కూడా ఒక వాక్యం అచ్చువేయించండి: యాత్ర ఎంతవరకు సాగినా, ఎవరు మధ్యలో ఆగినా, డబ్బు మొత్తం రోగులకే చేరుతుంది. ఇచ్చినవారెవరూ మీ వారి గుండెను పందెం పెట్టమని ఇవ్వలేదు.

ఇదే విషయమై మరి రెండు ఉత్తరాలు

ప్రశ్న: మాది నంద్యాల. నా వయసు 29. పెళ్ళయింది, ఒక పాప. స్నేహితురాళ్ళతో కలిసి మహానందికి, అహోబిలానికి సైకిలు మీద వెళ్ళాలని ఉంది. బహిష్టు రోజుల్లో సైకిలు తొక్కితే గర్భసంచి జారుతుందని మా అత్తగారు అంటారు. నిజమేనా? కాస్త దూరం తొక్కితేనే ఆయాసం వస్తోంది.

జవాబు: గర్భసంచి జారదు. కడుపునొప్పి, రక్తస్రావం మరీ ఎక్కువగా లేకపోతే ఆ రోజుల్లోనూ తొక్కవచ్చు. మీ అత్తగారు మీ మేలు కోరే అన్నారు కాబట్టి నెమ్మదిగా చెప్పండి. ఆయాసం సంగతి మాత్రం చూడాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 12 గ్రాములకన్నా తక్కువ ఉంటే కారణం తెలుసుకుని, డాక్టరు చెప్పినన్ని నెలలు ఇనుము మాత్రలు వాడాలి. మాత్రకూ, కాఫీ టీలకూ మధ్య గంటైనా ఎడం ఉంచండి. రక్తం పట్టాక దూరాలు పెంచుకోవచ్చు.

ప్రశ్న: నా వయసు 24. కడప. గంట దాటి సైకిలు తొక్కితే తొడల మధ్య తిమ్మిరెక్కుతుంది. ఒరుసుకుని పుండ్లు కూడా పడ్డాయి. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. దీనివల్ల దాంపత్య జీవితం చెడుతుందా?

జవాబు: సిగ్గుపడవలసిన పని లేదు, సైకిలు తొక్కే చాలామందికి ఇది ఉంటుంది. సీటు ముందుభాగం నరాలను, రక్తనాళాలను నొక్కడం వల్ల తిమ్మిరి వస్తుంది. సీటును సమతలంగా పెట్టండి, ముక్కు పైకి లేచి ఉండకూడదు. పది పదిహేను నిముషాలకొకసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. తిమ్మిరి వచ్చినప్పుడల్లా దిగండి. సీటు మార్చినా తగ్గకపోతే, దిగాక కూడా చాలాసేపు ఉంటే డాక్టరుకు చూపించండి. సకాలంలో సరిచేసుకుంటే దాంపత్యానికి సాధారణంగా ఏ లోటూ రాదు. పుండ్లకు మెత్త కుట్టిన సైకిలు నిక్కరు లోపల డ్రాయరు లేకుండా వేసుకోవాలి. తొక్కడం ముగిసిన వెంటనే కడుక్కుని పొడిబట్ట కట్టుకోవాలి. రోజూ ఉతికిన నిక్కరే వాడాలి. ఒరుసుకునే చోట ముందుగా వాజెలిన్ రాసుకోండి. చీము పడితే, జ్వరం వస్తే మానేదాకా సైకిలు ముట్టవద్దు.

చివరగా కర్నూలు సోదరికి మరొక మాట. ఈ సంవత్సరం మీ వారిని సైకిలెక్కవద్దని డాక్టరు చెబితే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. ఆ వ్యానులో మందుల పెట్టె పట్టుకుని, నీళ్ళు అందిస్తూ, ఎవరు ఆగాలో నిర్ణయించే మనిషి ఒకరు కావాలని ఆయనతో చెప్పండి. శ్రమ కలిగించిన బిగింపు ఎలా ఉంటుందో తెలిసినవాడికన్నా ఆ పనికి తగినవాడు దొరకడు. పరీక్షలు ముగిశాక ఫలితమేమిటో నాకు ఒక కార్డు రాయండి.